కొత్త కూలర్ బిగించాక పీసీ ఆన్ అవ్వట్లేదా? ప్రాసెసర్ పోయిందని తేల్చేసే ముందు ఇవన్నీ చూడండి

మే నెలలో ఓ రాత్రి, ఫ్యాన్ ఫుల్లుగా తిరుగుతున్నా గది చల్లబడట్లేదు, నా ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 3600 గేమ్ ఆడుతుంటే 88, 90 డిగ్రీల దగ్గర ఉంటోందని దానితో వచ్చిన స్టాక్ కూలర్ తీసేసి టవర్ కూలర్ పెడదామని కూర్చున్నా. నాలుగు స్క్రూలు విప్పేశా, పైకి లాగితే రాలేదు, ఇంకాస్త గట్టిగా లాగా, టప్ మని ఊడి చేతిలోకొచ్చేసింది, తిప్పి చూస్తే కూలర్ అడుగున ప్రాసెసర్ అతుక్కునే ఉంది, మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ లివర్ మాత్రం కిందకి లాక్ అయ్యే ఉంది. చిప్ మూలన ఐదు పిన్నులు పక్కకి పడిపోయి ఉన్నాయి. ఆ టైములో గుండె ఎలా జారిపోతుందో నాకు తెలుసు, అందుకే ఆ రాత్రి, మర్నాడు నేను చేసినవి, ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ పీసీలకి చేసినవి అన్నీ వరసగా రాస్తున్నా.

ముందు ఒక్కటి బుర్రలో పెట్టుకోండి. కూలర్ మార్చాక డిస్‌ప్లే రాకపోతే అందరం ప్రాసెసర్ కాలిపోయిందనే అనుకుంటాం, కానీ నేను చూసినంతలో చిప్ నిజంగా చచ్చిపోవడం చాలా తక్కువ, ఎక్కువసార్లు ఊడిన కేబులో, సరిగ్గా కూర్చోని ర్యామో, వంగిన పిన్నో ఉంటుంది. అయితే ఏం జరిగిందో చూడకుండా పవర్ బటన్ మళ్ళీ మళ్ళీ నొక్కుతూ కూర్చుంటే మాత్రం బతికున్న చిప్ కూడా పోయే ఛాన్స్ ఉంది, ఎందుకంటే వంగిన పిన్ను పక్క పిన్నుకి తగులుతూ ఉంటే కరెంటు వెళ్ళకూడని చోటికి వెళ్తుంది. కాబట్టి రెండోసారి బటన్ నొక్కకండి. ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) వెనక స్విచ్ ఆపి, వైరు గోడ నుంచి పీకేసి, అప్పుడు క్యాబినెట్ పవర్ బటన్ ఓ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది.

అసలు ఇలా ఎందుకు ఊడొస్తుంది

ఇది ఎక్కువగా ఏఎండీ వాళ్ళ ఏఎం4 సాకెట్ ఉన్నవాళ్ళ కష్టం, అంటే 2017లో వచ్చిన మొదటి రైజెన్ నుంచి 5000 సిరీస్ దాకా. ఇందులో పిన్నులు ప్రాసెసర్ కిందే ఉంటాయి, మొత్తం 1331. లివర్ కిందకి దించితే సాకెట్ ఆ పిన్నుల్ని పక్క నుంచి పట్టుకుంటుంది అంతే, చిప్ పైన అదిమి పట్టే ఇనప ఫ్రేమ్ ఏమీ ఉండదు. చిప్ వేడి కూలర్‌కి చేరడానికి మధ్యలో రాసే థర్మల్ పేస్టు పాతబడి ఎండి గట్టిపడ్డాక కూలర్‌కీ చిప్‌కీ మధ్య పట్టు, సాకెట్ పట్టు కంటే ఎక్కువైపోతుంది, నిటారుగా లాగామంటే చిప్ కూలర్ వైపే వచ్చేస్తుంది.

ఇంటెల్ వాళ్ళు డెస్క్‌టాప్‌లో 2004లో ఎల్‌జీఏ 775 సాకెట్‌తోనే పిన్నుల్ని బోర్డు మీదకి మార్చేశారు, ఏఎండీ 2022లో ఏఎం5 తో అదే దారి పట్టింది. వాటిలో ఫ్రేమ్ ఉంటుంది కాబట్టి చిప్ ఊడిరాదు, కానీ సాకెట్ పిన్నులు వంగే ప్రమాదం వేరే ఉంది, దాని గురించి కింద చెప్తా.

మొదటి పని: చిప్ జోలికి వెళ్ళకుండా చూడాల్సినవి

పాత కూలర్ తీసేటప్పుడు చిప్ ఊడొచ్చేయకుండా బానే వచ్చి, కొత్తది బిగించాకే సమస్య మొదలైతే ఇక్కడి నుంచి మొదలుపెట్టండి. బోర్డు పైన ఎడమ మూలలో 8 పిన్నుల సీపీయూ (అంటే ప్రాసెసర్) పవర్ కేబుల్ ఉంటుంది, పెద్ద కూలర్ పెట్టేటప్పుడు చెయ్యి తగిలి అది సగం లూజవుతుంది, అప్పుడు ఫ్యాన్లు తిరుగుతాయి గానీ డిస్‌ప్లే రాదు. కూలర్ ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసున్న పిన్నులకే పెట్టారా, పక్కనున్న క్యాబినెట్ ఫ్యాన్ పిన్నులకి పెట్టారా చూడండి, తప్పు చోట పెడితే చాలా బోర్డులు ఫ్యాన్ ఎర్రర్ చూపించి అక్కడే ఆగిపోతాయి. ర్యామ్ రెండు వైపులా క్లిక్ మనేదాకా నొక్కండి. గ్రాఫిక్ కార్డు తీసి మళ్ళీ పెట్టండి.

ఇంకోటి, చెప్పడానికి చిన్నదే గానీ చాలామందికి జరుగుతుంది, కొత్త కూలర్ అడుగున పల్చటి ప్లాస్టిక్ కవరు ఉంటుంది, అది పీకకుండానే పేస్టు రాసి బిగించేస్తారు. పీసీ ఆన్ అవుతుంది, విండోస్ కంటే ముందు వచ్చే బయోస్ స్క్రీన్‌లోనే టెంపరేచర్ పరిగెడుతుంది, కాసేపటికి ఆగిపోతుంది. ఇలా ఆగిపోవడం మంచిదే, చిప్ తనని తాను కాపాడుకుంటోంది. 3600 కి లిమిట్ 95 డిగ్రీలు, అక్కడికి రాగానే స్పీడు తగ్గించుకుంటుంది, ఇంకా పెరిగితే మొత్తం ఆపేస్తుంది. అందుకే వేడికి మాత్రమే చిప్ చచ్చిపోయిందంటే నేను తొందరగా నమ్మను.

ఏ లక్షణానికి ఏది అనుమానించాలో కూడా చెప్తా. ఆన్ చేసిన రెండు మూడు సెకన్లకే ఆగిపోయి మళ్ళీ ఆన్ అవుతూ ఉంటే ఎక్కడో షార్ట్ అయినట్టు, కూలర్ వెనక ప్లేటు బోర్డుకి తగులుతోందా, వాషర్లు మర్చిపోయారా, స్క్రూ ఏదైనా క్యాబినెట్‌లో పడిందా వెతకండి. అయితే ర్యామ్ సెట్ చేసుకునేటప్పుడు కూడా బోర్డు ఒకట్రెండు సార్లు తనే ఆగి ఆన్ అవుతుంది, దానికి కంగారు పడకండి. ఫ్యాన్లు తిరుగుతూ బోర్డు మీద సీపీయూ అని రాసున్న లైటు ఆరకుండా వెలుగుతుంటే చిప్, సాకెట్, ఆ 8 పిన్ కేబుల్ ఈ మూడిట్లో ఒకటి. డీర్యామ్ లైటు వెలిగితే ర్యామ్ ఒక్కదాన్నే తిట్టకండి, ఏఎం4 లో మెమరీ కంట్రోలర్ చిప్ లోపలే ఉంటుంది కాబట్టి ప్రాసెసర్ పిన్ను వంగినా అదే లైటు వస్తుంది. విండోస్ దాకా వెళ్ళి 16 జీబీకి 8 జీబీయే చూపిస్తే కూడా ఇదే కథ.

రెండో పని: కూలర్ మళ్ళీ తీయడం, ఈసారి పద్ధతిగా

పీసీ ఆన్ అవుతుంటే ఓ పదిహేను నిమిషాలు ఏదైనా గేమో వీడియో రెండరో నడపండి, పేస్టు మెత్తబడుతుంది. తర్వాత కరెంటు పీకేసి, స్క్రూలు ఎదురెదురు మూలలవి కొంచెం కొంచెంగా విప్పి, కూలర్‌ని రెండు చేతుల్తో పట్టుకుని సీసా మూత తిప్పినట్టు ఎడమకీ కుడికీ మెల్లగా తిప్పండి. మొదట కదలదు. అయినా పైకి లాగొద్దు, తిప్పుతూనే ఉండండి, ఒక దగ్గర జారడం మొదలవుతుంది, అప్పుడు పక్కకి వాల్చి తీయండి. పీసీ ఆన్ అవ్వకపోతే హెయిర్ డ్రైయర్‌తో హీట్‌సింక్‌ని (కూలర్ లోహపు భాగాన్ని) కాసేపు వేడి చేసినా సరిపోతుంది.

ఒకవేళ చిప్ కూలర్‌కే అతుక్కుని వచ్చేసి ఉంటే స్క్రూడ్రైవర్ మొన పెట్టి లేపకండి, దయచేసి. పిన్నులు పైకి కనపడేలా కూలర్‌ని టేబుల్ మీద తిరగేసి పెట్టి, అంచుని డ్రైయర్‌తో వేడి చేసి, చిప్ రెండు పక్కలా వేళ్ళతో పట్టుకుని మెలితిప్పండి. పిన్నుల్ని ముట్టుకోకూడదు. పాత ఏటీఎం కార్డు అంచు చిప్ మూతకీ కూలర్‌కీ మధ్య దూర్చినా వస్తుంది, కార్డు ఆకుపచ్చ బోర్డు వైపు కాకుండా లోహపు మూత వైపే ఉండాలి.

మూడో పని: తీరిగ్గా చూడటం

ఇక్కడ పావుగంట పెడితే తర్వాత రెండు రోజులు మిగులుతాయి. చిప్‌ని తెల్ల కాగితం మీద పిన్నులు పైకుండేలా పెట్టి, ఫోన్ టార్చ్ పక్క నుంచి, అంటే దాదాపు టేబుల్ ఎత్తులో పట్టుకోండి. పై నుంచి లైటు వేస్తే అన్నీ ఒకేలా మెరుస్తాయి, పక్క నుంచి వేస్తే వరస తప్పిన పిన్ను నీడ వంకరగా పడుతుంది. తర్వాత కన్ను పిన్నుల ఎత్తుకి దించి వరస వెంట చూడండి, ఒకసారి నిలువుగా, చిప్ తిప్పి అడ్డంగా, ఆ తర్వాత మూల నుంచి మూలకి. పొలంలో నాట్లు వేసిన సాళ్ళ మధ్య నుంచి చూస్తే చివరిదాకా ఎలా కనపడుతుందో అలా ప్రతి సందూ చివరిదాకా ఖాళీగా కనపడాలి. ఎక్కడ అడ్డొచ్చిందో అక్కడే ఉంది పిన్ను. ఫోన్ కెమెరాలో జూమ్ చేసి ఫోటో తీసి పెట్టుకోండి, పని మధ్యలో ఏది ముందు నుంచే వంగింది, ఏది మనం వంచాం అనేది గుర్తుండదు.

సాకెట్ వైపు కూడా చూడండి. రంధ్రాల్లో విరిగిన పిన్ను ముక్క ఉండొచ్చు, పాత పేస్టు పడి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్ జారి బోర్డు మీద గీత పడిందా, సాకెట్ చుట్టూ ఉండే చిన్న చిన్న భాగాల్లో ఏదైనా ఊడిందా చూడండి, గీత గనక రాగి కనపడేంత లోతుగా ఉంటే సమస్య చిప్‌ది కాదు బోర్డుది అయ్యుండొచ్చు.

నాలుగో పని: పిన్నులు నిలబెట్టడం

కావాల్సినవి మామూలు సామాన్లే. నొక్కితే లెడ్ బయటికొచ్చే పెన్సిల్, 0.5 లేదా 0.7 సైజుది, లెడ్ మొత్తం తీసేసి ఖాళీ గొట్టం. ఓ పల్చటి ప్లాస్టిక్ కార్డు. సూది. లైటు. చేతికి స్టాటిక్ కరెంటు (ఒంట్లో పేరుకునేది) లేకుండా మధ్య మధ్యలో ఏదైనా ఎర్త్ ఉన్న ఇనప వస్తువు ముట్టుకోండి, కార్పెట్ మీదా దుప్పటి మీదా కూర్చుని చెయ్యకండి.

కాస్త వాలిన పిన్నులకి కార్డే చాలు, వరసల మధ్య సందులో దూర్చి, వాలిన వైపు నుంచి నిలువు వైపుకి నెమ్మదిగా తోస్తే వరసలోకి వచ్చేస్తాయి. పూర్తిగా పడుకున్న పిన్ను వేరే సంగతి. నా చిప్‌లో మూల పిన్ను పక్క దాని మీద పడుకుని ఉంది, దాని కిందకి ముందు సూది మొన దూర్చి వెంట్రుక వాసి లేపా, అది ఓ ముప్పై డిగ్రీలు లేచాక పెన్సిల్ గొట్టం దాని మీద తొడిగి, గొట్టాన్ని పైకి తేవడం మొదలుపెట్టా, ఒకేసారి కాదు, కొంచెం లేపి గొట్టం తీసి చూడటం, మళ్ళీ తొడగడం. దానికొక్కదానికే పది నిమిషాలు పట్టింది. పిన్ను మొదట్లో, అంటే చిప్‌కి అతికిన చోట, మెత్తగా కదులుతున్నట్టు అనిపిస్తే ఆపేయండి, అది విరగడానికి దగ్గరగా ఉన్నట్టు.

ముఖ్యమైన మాట, ముందుకీ వెనక్కీ ఊపకండి. తీగని రెండు మూడు సార్లు వంచితే ఎలా తెగిపోతుందో ఇది కూడా అంతే. కొంచెం తక్కువ లేపినా పర్వాలేదు, అవతలి వైపుకి ఎక్కువ తోసి మళ్ళీ వెనక్కి లాగే పరిస్థితి తెచ్చుకోకండి.

పిన్ను విరిగిపోతే

విరిగినంత మాత్రాన అయిపోయినట్టు కాదు. 1331 లో చాలా పిన్నులు గ్రౌండ్, పవర్‌వే, ఒకే పని పక్క పక్క పిన్నులు చాలా పంచుకుంటాయి కాబట్టి అందులో ఒకటి పోయినా చిప్ బానే నడిచే అవకాశం ఉంది. మెమరీ పిన్ను పోతే ఓ వైపు ర్యామ్ స్లాట్లు పనిచెయ్యవు, గ్రాఫిక్ కార్డు లైన్ల పిన్ను పోతే కార్డు సరిగ్గా కనపడకపోవడమో తక్కువ లైన్లలో నడవడమో జరుగుతుంది. ఏఎం4 పిన్ మ్యాప్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, మీ పిన్ను ఏంటో లెక్కపెట్టి చూస్కోండి, కానీ మ్యాప్ పై నుంచి చూసినట్టు గీశారా, కింద నుంచి చూసినట్టు గీశారా అనేది ముందు తేల్చుకోండి, తారుమారైతే అద్దంలో చూసినట్టు ఎడమది కుడి అయిపోతుంది. మూలనున్న బంగారు త్రికోణం గుర్తు పట్టుకుని లెక్కపెట్టండి.

విరిగిన ముక్క సాకెట్ రంధ్రంలో ఉండిపోతే సూదితో గీకకండి, లివర్ పైకెత్తి బోర్డు తిరగేసి మెల్లగా తట్టండి, రాకపోతే సన్న ట్వీజర్. పిన్ను మళ్ళీ అతికించడం మాత్రం ఇంట్లో వద్దు. చిప్ లెవెల్ పని చేసేవాళ్ళు మైక్రోస్కోప్ కింద పాత చచ్చిన చిప్ నుంచి పిన్ను తీసి అతికిస్తారు, హైదరాబాద్ వాళ్ళయితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ చుట్టుపక్కల అడిగితే చేసేవాళ్ళు దొరకొచ్చు. ఇచ్చే ముందు పిన్నుల ఫోటోలు వాళ్ళ ఎదురుగానే తీసి పెట్టుకోండి.

ఐదో పని: శుభ్రం చేసి మళ్ళీ కూర్చోబెట్టడం

పేస్టు పిన్నుల మధ్యకి వెళ్తే భయపడకండి, మామూలు పేస్టులు చాలావరకు కరెంటు పాస్ చెయ్యవు, కానీ పిన్ను సాకెట్‌కి సరిగ్గా తగలకుండా అడ్డుపడతాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మెత్తటి టూత్‌బ్రష్ ముంచి వరస వెంట ఒకే దిక్కుకి తోమండి, పూర్తిగా ఆరనివ్వండి. మెడికల్ షాపు శానిటైజర్ వాడకండి, అందులో నీళ్ళు, జెల్ ఉంటాయి. పేస్టు బదులు లిక్విడ్ మెటల్ వాడినవాళ్ళయితే మాత్రం అది కరెంటు పాస్ చేసే లోహం, ఒక్క చుక్క కూడా మిగలకుండా తీసేదాకా ఆన్ చెయ్యొద్దు.

కూర్చోబెట్టేటప్పుడు లివర్ పూర్తిగా నిటారుగా ఎత్తండి, త్రికోణం త్రికోణానికి కలపండి, చిప్‌ని వదిలేయండి. అది తనంతట తనే లోపలికి జారాలి. జారకపోతే ఇంకా ఏదో పిన్ను వంకరగా ఉంది, వేలితో నొక్కొద్దు, తీసి మళ్ళీ చూడండి. నాకు మూడో ప్రయత్నంలో దిగింది. దిగాక నాలుగు పక్కలా సందు లేకుండా ఉందా చూసి, చిప్ మీద వేలు తేలిగ్గా ఆనించి లివర్ దించండి.

పేస్టు మధ్యలో బఠాణీ గింజంత. కూలర్ స్క్రూలు ఒకటి మొత్తం బిగించి ఇంకోదానికి వెళ్ళకుండా, ఎదురెదురు మూలలు రెండేసి చుట్లు తిప్పుకుంటూ రండి.

ఆరో పని: తక్కువ సామానుతో ఆన్ చేసి చూడటం

బోర్డుని బయటికి తీసి దాని అట్టపెట్టె మీద పెట్టండి. ఒక్క ర్యామ్, ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో. హార్డ్ డిస్కులు అన్నీ తీసేయండి. 3600 లాంటి చిప్పుల్లో లోపల గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి కార్డు పెట్టాల్సిందే, కేబుల్ బోర్డుకి పెట్టి డిస్‌ప్లే రాలేదని బాధపడినవాళ్ళని చూశా. బోర్డు మీద గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ ఓ ఐదు నిమిషాలు తీసి పెట్టండి, పాత సెట్టింగులు పోతాయి.

ఇప్పుడు ఆన్ చేసి రెండు మూడు నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా ఆగండి, ఏఎం5 అయితే ఇంకా ఎక్కువే ఆగాలి. కొత్త సీపీయూ పెట్టారు, ఎఫ్‌టీపీఎం (సెక్యూరిటీ కీలు దాచే భాగం) రీసెట్ చెయ్యాలా, వై ఆర్ ఎన్ అని ఓ మెసేజ్ రావచ్చు, కంగారు పడి వై నొక్కకండి, మీ విండోస్‌కి బిట్‌లాకర్ (డిస్కుని లాక్ చేసే ఫీచర్) ఉంటే రికవరీ కీ దగ్గరుంటేనే వై, లేకపోతే ఎన్.

నాకు ఈ స్టేజ్‌లో బయోస్ వచ్చేసింది, ఆనందంతో రెండో ర్యామ్ కూడా పెడితే డీర్యామ్ లైటు వెలిగింది. ర్యామ్ స్టిక్కులు అటూ ఇటూ మార్చి చూశా, ఏది పెట్టినా ఒక వైపు స్లాట్ మాత్రమే పనిచెయ్యట్లేదు, అంటే తప్పు స్టిక్‌ది కాదు. మళ్ళీ చిప్ తీసి చూస్తే అంచు నుంచి రెండో వరసలో ఓ పిన్ను, నేను సరి చేసిన ఐదిటిలో లేనిది, సగం మందం పక్కకి వాలి ఉంది. కార్డుతో ఒక్క తోపు. రెండు స్లాట్లూ వచ్చాయి.

ఇంటెల్, ఏఎం5 వాళ్ళకి

మీకు పిన్నులు బోర్డు మీద ఉంటాయి, స్ప్రింగు తీగల్లా ఒకే దిక్కుకి వంగి ఉంటాయి, లైటు వేస్తే అన్నీ ఒకే రకంగా మెరవాలి. చిప్ చేతిలోంచి జారి సాకెట్ మీద పడితే ఇవి నలుగుతాయి, సరి చెయ్యడం ఏఎం4 కంటే కష్టం, సన్న సూది, భూతద్దం, చాలా ఓపిక కావాలి. అయితే మీకు ముందు చూడాల్సింది ఇంకోటుంది, కూలర్ ఓ పక్క ఎక్కువ బిగిస్తే చిప్ ఒరిగి కొన్ని పిన్నులు సరిగ్గా తగలవు, ఓ ర్యామ్ ఛానెల్ మాయమవుతుంది. స్క్రూలు నాలుగూ కొద్దిగా లూజు చేసి సమానంగా బిగిస్తేనే పోవచ్చు.

ఏడో పని: నమ్మకం కుదిరేదాకా టెస్టు

డిస్‌ప్లే వచ్చిందని వెంటనే ఫైళ్ళు ఎక్కించేయకండి. సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో మెమరీ రెండు ఛానెళ్ళూ కనపడుతున్నాయా చూడండి. రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 వదిలేయండి, ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని ఎక్కువ స్పీడులో నడిపే బయోస్ సెట్టింగు) ఆఫ్‌లో ఒకసారి, ఆన్ చేసి ఒకసారి. తర్వాత ప్రాసెసర్‌కి ఫుల్ లోడ్ ఇచ్చే సినీబెంచో ఓసీసీటీయో నడుపుతూ హెచ్‌డబ్ల్యూఇన్ఫో లో టెంపరేచర్ చూడండి, లోడ్ పెట్టిన రెండు సెకన్లకే 90 దాటిపోతే చిప్ తప్పు కాదు, కూలర్ ఆనలేదు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూ, హెచ్, ఈ, ఏ అక్షరాలతో మొదలయ్యే లాగర్ ఎర్రర్లు వస్తుంటే ఇంకా ఏదో తేడా ఉంది, మూడో పనికి మళ్ళీ వెళ్ళండి.

ఇంకా రాకపోతే

తెలిసినవాళ్ళ దగ్గర ఏఎం4 బోర్డు ఉంటే మీ చిప్ అందులో పెట్టి చూడండి, అదొక్కటే గట్టి తీర్పు. పిన్నులు సరిగ్గా ఉన్నాయని ఖాయం చేసుకున్నాకే ఇవ్వమని అడగండి, పాపం వాళ్ళ బోర్డు. అక్కడ పనిచేస్తే తప్పు మీ బోర్డుదో మిగతా సామానుదో, అక్కడా రాకపోతే చిప్ పోయింది. బాక్సుతో కొన్న రైజెన్‌కి మూడేళ్ళ వారంటీ ఉంటుంది గానీ వంగిన, విరిగిన పిన్నులు అందులోకి రావు, ఉన్నది ఉన్నట్టు చెప్పి అడగండి.

చిప్ నిజంగా పోయినా బోర్డు పారెయ్యక్కర్లేదు. 2022లో వచ్చిన రైజెన్ 5 5600 కూడా అదే సాకెట్, చాలా పాత ఏఎం4 బోర్డులకి దానికోసం బయోస్ ఇచ్చారు. బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్ సపోర్ట్ లిస్టు చూసి, ఏ బయోస్ వెర్షన్ కావాలో రాసుకోండి. బోర్డు వెనక ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 లో ఫార్మాట్ చేసి అప్‌డేట్ చేసుకోవచ్చు, లేకపోతే కొత్త చిప్ కొనే షాపులోనే చేయించుకోండి, బోర్డు పట్టుకెళ్ళడం మర్చిపోకండి.